ఆ చెయ్యి ఏ భుజానిది

శిల్పాల చరిత్ర చదువుకున్నవాళ్ళంటే జనానికి ఒక చులకన ఉంది. గుడి స్తంభానికి ఆనుకుని, నాట్యకత్తె నడుము వంపు చూస్తూ మైమరచిపోయే సుకుమారులని అనుకుంటారు. మా నంద్యాల చుట్టుపక్కల నాలుగూళ్ళు తిరిగితే ఆ భ్రమ వదిలిపోతుంది. నేను గీసినన్ని తెగిన గొంతులు మా బజారులో కసాయి కూడా చూసి ఉండడు.

గడివేముల వైపు చేలల్లో, గోస్పాడు దారిలో, కొలిమిగుండ్ల పోయే బాట పక్కన, ఎక్కడ చూసినా వీరగల్లులే. కొట్లాటలో చచ్చిన మగవాడికి గుర్తుగా అతని మనుషులు నాటిన రాళ్ళవి. ఒక రాతి మీద కడుపులో ఈటె దిగిన మనిషి, ఇంకో రాతి మీద గుర్రం కాళ్ళ కింద నలిగిపోతున్న మనిషి. ఒకడైతే జారిపోతున్న పేగుల్ని ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో కత్తి తిప్పుతుంటాడు. ఇరవై దాటిన వయసులో ఒక గొడుగు, ఒక అట్ట, పెన్సిళ్ళు పట్టుకుని నేను ఈ రాళ్ళ ముందు కూర్చున్నాను. పెళ్ళి కావలసిన పిల్ల చావుల బొమ్మలు గీస్తూ తిరుగుతోందని మా వీధిలో వాళ్ళు మా అమ్మ దగ్గర దిగులుపడేవారు.

ఫోటో తీసుకుంటే సరిపోదా అని అందరూ అడిగేవారు. సరిపోదు. ఫోటోలో ఉలి దెబ్బా పడుతుంది, వాన కోసిన గాడీ పడుతుంది, కాకి రెట్టా పడుతుంది. ఏది శిల్పి గీతో అది చెప్పదు. గీసేవాళ్ళకు ఆ సౌకర్యం లేదు. ప్రతి గీత దగ్గరా తేల్చుకోవాలి, ఇది ఉలిదా, పగులుదా, నా ఊహా అని. మద్రాసులో నాకు చదువు చెప్పిన ముసలాయన మహా కోపిష్టి. వెనక వచ్చి నిలబడి, నా కాగితం మీద ఏదో ఒక గీత మీద వేలు పెట్టేవాడు. "ఇది ఎక్కడ పుట్టింది? ఎక్కడ చచ్చింది?" అనేవాడు. చెప్పలేకపోతే కాగితం చింపేసేవాడు. నావి ఎన్ని చింపాడో! మనసులో ఆయన్ను నానా తిట్లూ తిట్టుకునేదాన్ని. కానీ నాకు వచ్చిన విద్య మొత్తం ఆ రెండు ప్రశ్నలే.

మా నాయన నంద్యాలలో పంతులు. మాది క్రైస్తవ కుటుంబం. ఆయన దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు, ఆళ్లగడ్డకు ఇవతల ఒక ఊరివాడు, మా ఇంట్లో మనిషిలా తిరిగేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. వాళ్ళది పెద్ద సేద్యం. అయినా వాళ్ళమ్మ వాణ్ణి చిన్నప్పుడే నంద్యాలకు పంపించేసింది, ఊళ్ళో ఉంటే బతకడని. వాడి తండ్రిని కళ్ళంలో నరికేశారు. జొన్నలు తూర్పారబడుతుంటే వెనకనుంచి వచ్చి వేటకొడవళ్ళతో కొట్టారు. తల వేరు చేసి, జుట్టు పట్టుకుని వీధి వెంట మోసుకుపోయి, వీళ్ళింటి ముందున్న వీరగల్లు పాదం దగ్గర పెట్టి వెళ్ళిపోయారు. పొద్దున ఇంట్లోనుంచి మొదట బయటికొచ్చింది వీడే. ఒకసారి మా ఇంట్లో వేయించిన శనక్కాయలు తింటూ ఈ సంగతి చెప్పాడు. చెప్పి, మళ్ళీ శనక్కాయ ఒలుచుకున్నాడు.

కర్నూలు నుంచి రాజధాని తరలిపోయిన మరుసటి ఏడాది, ఎండలు ముదురుతుండగా, వాడు మా ఇంటికి వచ్చి నా ముందు కూలబడ్డాడు. వాళ్ళ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఉగాదికి ముందు వచ్చే అమావాస్యనాడు వీరగల్లుకు కొత్తగా జాజు పూస్తారు. జాజు అంటే నూనెలో కలిపిన ఎర్రమన్ను. పూసిన తర్వాత ఆ ఇంట్లో వయసొచ్చిన మగవాడు రాతి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యాలి, శత్రువుల ఇంట్లో పెద్ద తల తెస్తానని. చెయ్యి పెట్టినవాడు వచ్చే ఏటి అమావాస్య దాకా ఆగకూడదు. ఈసారి వీడి వంతు వచ్చింది.

"నాకు చంపాలని లేదక్కా," అన్నాడు. "ఆ మాట ఇంట్లో అంటే మా అమ్మ నన్ను మొగోడని అనదు. నువ్వు రాళ్లు సదువుతావు గదా. ఒకతూరి మా రాయి సూడు. దాని మీద ఏముండాదో నిజంగా సూడు."

రాయి చూస్తే ఏమవుతుందని వాడు ఆశపడ్డాడో వాడికే తెలియదు. మునిగేవాడికి గడ్డిపోచ కూడా ఆసరానే. మా నాయన వద్దంటే వద్దన్నాడు. నేను మొండిదాన్ని. ఆళ్లగడ్డలో మా పిన్ని ఇంట్లో దిగి, అక్కణ్ణుంచి వాడి ఎద్దులబండి మీద ఆ ఊరికి పోయాను.

రాయి మనిషికంటే ఎత్తు. ఏటేటా పూసిన జాజు జొన్నరొట్టె మందాన పేరుకుపోయి, కొత్తగా చూసేవాళ్ళకు ఎర్రటి ముద్దలే తప్ప ఏమీ కనబడవు. వాడి తల్లి వచ్చింది. పొడవాటి మనిషి, నుదురు బోడిగా ఉంది, గొంతు మగవాళ్ళను అదిలించడానికి అలవాటుపడిన గొంతు.

"సారు కూతురివంట గదా పాపా. గీసుకో. రాయిని మాత్రం ముట్టాకు. అది మా దేవుడు."

నేనెందుకు ముట్టకూడదో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. మా తాత ఆ చేలల్లోనే కూలికి పోయినవాడు. వాళ్ళ పత్తి తీయడానికి పనికొచ్చిన చెయ్యి వాళ్ళ రాతికి పనికిరాదు. నాకు ఒళ్ళు మండింది. మండినా దూరంగా కూర్చుని అట్ట ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆమె వేలు చూపిస్తూ చెప్పింది. "ఈ మనిషి మా వంశానికి పెద్దాయన. ఇదో, పక్కన నిలబడుకోనుండేది వాళ్లోడు. మా పెద్దాయన జుట్టు పట్టుకోని గొంతు కోస్తాండాడు. కనపడ్తాండాదా? ఆ తల ఇంగా వాళ్ల చేతిలోనే ఉండాది. నా మొగుని తల గూడా ఆ చేతిలోనే ఉండాది."

కనబడింది. నిజంగానే కనబడింది. రాతికి కుడి అంచున నిలువుగా ఒక మనిషి, వాడి చెయ్యి వీరుడి జుట్టులో. ఆ రోజంతా కూర్చుని గీశాను. శత్రువుకు మీసం కూడా పెట్టాను. సాయంత్రం ఆ కాగితం చూసి అబ్బాయి మొహం పాలిపోయింది. బండి కట్టి తోలాడు.

మరునాడు ఎండ పుట్టకముందే వెళ్ళి కూర్చున్నాం. సూర్యుడు నేలబారున ఉన్నప్పుడు వెలుగు రాతి మీద పక్కనుంచి పడుతుంది. చిన్న గుంటకు కూడా నీడ వస్తుంది. రాళ్ళను గీసేవాళ్ళకు ఆ కాసేపే పని, మిగతా పగలంతా కాలక్షేపం. నిన్నటి బొమ్మ పక్కన పెట్టుకుని, ముసలాయన వేలు ఉన్నట్టే అనుకుని, శత్రువు చేతి దగ్గర అడిగాను. ఎక్కడ చచ్చింది? జుట్టులో. సరే. ఎక్కడ పుట్టింది?

వేళ్ళ నుంచి మణికట్టుకు వచ్చాను. మణికట్టు నుంచి మోచేతికి. మోచెయ్యి పైకి లేచి మడత పడింది. శత్రువు దగ్గరికి పోవలసిన గీత శత్రువు దగ్గరికి పోలేదు. మళ్ళీ చూశాను. అది వెనక్కి తిరిగి వీరుడి భుజంలోకే దిగింది. శత్రువుకు అసలు భుజమే లేదు. నిన్న ఆ భుజాన్ని పెట్టింది నేను. చెవిలో పడిన కథ నా వేళ్ళలోనుంచి కాగితం మీదికి జారింది. మీసం ఎక్కడ చూశానమ్మా నేను? మొదట నవ్వొచ్చింది. తరవాత నిన్నటి కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టాను.

ఇలాంటి రాయి అంతకుముందు శ్రీశైలం వైపు ఒకటి గీశాను. మొక్కు మొక్కుకున్న వీరభక్తులు శివుడి ముందు తమ తల తామే కోసుకునేవారు. ఎడమ చేత్తో తన జుట్టు తానే పైకి లాగి పట్టుకుని, కుడి చేత్తో కత్తి తన గొంతుకే ఆనించుకుంటాడు. ఇదీ అదే. ఈ పెద్దాయన్ను ఎవడూ చంపలేదు. మరి పక్కన నిలువుగా ఉన్నదేమిటో జాజు కింద నాకు అంతుపట్టలేదు.

తిరుగుబండిలో వాడికి చెప్పాను. ఎద్దుల్ని ఆపి కిందికి దూకి, దారి మధ్యలో నిలబడి పెద్దగా ఏడ్చాడు.

"అట్లయితే మావాణ్ణి ఎవురూ చంపల్యా?"

"మొదటివాణ్ణి చంపలేదు. తరవాతివాళ్ళను చంపారు."

"మొదటోడే గదక్కా ముఖ్యం!"

నేను అవునన్నాను. అప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

కానీ జాజు కింద చూసింది చూపు కాదు, అనుమానం. రుజువు కావాలి. ఏటేటా పాతదాని మీదే పూసుకుంటూ పోయినా, కొత్తవాడు ప్రమాణం చేసే అమావాస్య పొద్దున మాత్రం పాత జాజు మొత్తం కడిగేస్తారనీ, ఆ పని ఈ పగలో మొగుళ్ళను పోగొట్టుకున్న ఆడవాళ్ళే చెయ్యాలనీ వాడు చెప్పాడు. కడగడానికీ మళ్ళీ పూయడానికీ మధ్య రాయి కాసేపు బట్టలేకుండా ఉంటుంది. నేను ఆ కాసేపటి కోసం కాచుకున్నాను.

ఆ పొద్దున ఊళ్ళో మగవాళ్ళంతా ఈటెలూ కొడవళ్ళూ పట్టుకుని వచ్చి వీధికి అడ్డంగా నిలబడ్డారు. ముండమోపి ఆడవాళ్ళు వరసగా కూర్చుని, కాగే చింతపండు నీళ్ళు పోస్తూ కొబ్బరిపీచుతో రాతిని రుద్దారు. వాళ్ళలో నాకంటే చిన్నపిల్ల కూడా ఉంది. అందరూ పళ్ళు బిగించి రుద్దారు. ఎర్రటి నీళ్ళు వీధి కాలవలో పారాయి. నల్లరాయి బయటపడింది. నేను మనిషిని మొత్తం గీయలేదు. చెయ్యి, భుజం, పక్కనున్న నిలువు వస్తువు, అంతే గీశాను.

పక్కనున్నది మనిషి కాదు. కింద పీట, మధ్యలో కణుపులు, పైన ప్రమిద, ప్రమిదలో వెలుగు. దీపపు సెమ్మె. చచ్చిపోయే భక్తుడి పక్కన శిల్పి ఒక దీపం వెలిగించి పెట్టాడు. ఏటేటా భక్తిగా పూసిన జాజు దానికి పొట్ట తెచ్చింది, ఛాతీ తెచ్చింది, తల తెచ్చింది. వీళ్ళు తరతరాలుగా దీపపు సెమ్మె తల నరుకుతామని ఒట్టు పెట్టుకుంటున్నారు.

నేను ఆపేలోపే అబ్బాయి నా ఒళ్ళోనుంచి కాగితం లాక్కుని తల్లి దగ్గరికి పోయాడు.

"అమ్మా, సూడు. జుట్టు పట్టుకున్న చెయ్యి యాడ్నుంచి వస్తాండాదో సూడు."

ఆమె కాగితం చూసింది. తడి చేత్తోనే రాతి మీద వేలు పెట్టింది, జుట్టు దగ్గర. మణికట్టు మీదికి తెచ్చింది. మోచెయ్యి ఎక్కింది. భుజంలోకి దిగింది. అది తన పెద్దాయన భుజమే. వేలు వెనక్కి తీసి మళ్ళీ మొదటినుంచి జరిపింది. అంతమందిలో అర్థమైంది ఆమెకు ఒక్కతెకే. ఆ మొహం నాకిప్పటికీ కళ్ళలో ఉంది. మొగుడు చచ్చిననాడు కూడా అలా అయి ఉండదు.

తరవాత ఆమె జాజు గంగాళంలో చెయ్యి ముంచి, రాతి మీద చాచి కొట్టింది.

"పూయండే! ఏం సూస్తాండారు? పూయండి!"

ఆడవాళ్ళు పూశారు. చెయ్యి పోయింది, భుజం పోయింది, దీపం పోయింది. అబ్బాయిని ముందుకు తోశారు. వాడు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"నేను పెట్టను."

వాడి చిన్నాయన ఈటె కర్రతో మూతి మీద కొట్టాడు. పళ్ళు రాలాయి. గడ్డం మీద ఏది జాజో ఏది నెత్తురో తెలియలేదు. వాడు లేచి ఉమ్మేసి అన్నాడు, "కొట్టు చిన్నాయనా. దీపపు సెమ్మె కోసరం మనోళ్లు ఎంతమంది సచ్చినారో తలుసుకోని కొట్టు."

గుంపులో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వే వాడి కొంప ముంచింది. అందరూ మీద పడ్డారు. కాళ్ళతో తొక్కారు, కర్రలతో బాదారు. నేను అడ్డం పోయాను. డొక్కలో ఎవరి కాలో తగిలి ఊపిరి ఆగిపోయింది. నా అట్ట ఎవరి పాదం కిందో విరిగింది. చివరికి తల్లే అరిచింది.

"సాలు! వాణ్ణి యాడికన్నా పోనీండి. ఈ ఊర్లో మాత్రం వద్దు."

నంద్యాల బస్సులో వాడు నా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు. నా డొక్క ఊపిరి తీసినప్పుడల్లా పొడుస్తోంది. అయినా వాడి కళ్ళు నవ్వుతున్నాయి. చెయ్యి పెట్టలేదు గదా.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. వాడు ఆగలేదు. దెబ్బలు మానగానే నా చేత ఆ బొమ్మ మళ్ళీ గీయించుకుని, కత్తి లేకుండా, తోడు లేకుండా, నేరుగా శత్రువుల ఇంటికే పోయాడు. వాళ్ళు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారట. ఆ ఇంటి పెద్ద బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, దీపపు సెమ్మె మాట విని కడుపుబ్బ నవ్వాడట. "ఇద్దరమూ మొదలుపెట్టల్యా అక్కా, ఆయప్ప గూడా ఒప్పుకున్నాడు," అని మా వసారాలో గంతులేశాడు.

వాళ్ళకు రాయి లేదు. వాళ్ళకు వీడి మనుషుల చేతిలో ఈమధ్యే చచ్చిన మనిషి ఉన్నాడు. ఆయన కొడుకులకు వీరగల్లు మీద ఏముంటే ఏం? ఈ సంగతి నాకు గానీ వాడికి గానీ తట్టలేదు. శత్రువు ఇంటి అబ్బాయి కత్తి లేకుండా, ఒంటరిగా తిరుగుతున్నాడన్న సంగతి మాత్రం వాళ్ళకు బాగా తట్టింది. ఆళ్లగడ్డలో పట్టపగలు, బస్సులోనుంచి కాలు పట్టి కిందికి లాగి, జనం చూస్తుండగా నరికారు. నరికిన ముగ్గురినీ బస్సులో ఉన్నవాళ్ళంతా గుర్తుపట్టారు. సాక్ష్యం చెప్పడానికి మాత్రం ఎవరికీ కళ్ళు లేవు.

నంద్యాల ఆసుపత్రిలో గుడ్డ తీసి చూశాను. అడ్డం పెట్టిన కుడి చెయ్యి చీలిపోయి ఉంది. ఆ కోత మణికట్టు దగ్గర పుట్టి మోచేతి దగ్గర చచ్చింది. ముసలాయన ప్రశ్నలు అక్కడ కూడా నన్ను వదల్లేదు. నేను బయటికొచ్చి గోడకు తల కొట్టుకున్నాను.

నీ బొమ్మే వాణ్ణి చంపిందని అన్నవాళ్ళున్నారు, మా నాయనతో సహా. నేను ఒప్పుకోను. కొడవలి పట్టినవాడు చంపాడు. తప్పు పెన్సిలు మీదికి నెట్టేస్తే కొడవలికి హాయి.

ఇంటికి వచ్చి ఆ ముగ్గురినీ గీశాను. ఆళ్లగడ్డ సంతలో ముగ్గుర్నీ చూసినదాన్నే. ముక్కులు, దవడలు, ఒకడి కంటి కింద మచ్చ, ఒకడి వంకర పన్ను. మధ్యలో నేల మీద మా అబ్బాయి. ఏ చెయ్యి ఏ భుజానిదో పొరపాటు పడడానికి వీల్లేకుండా గీశాను. అంత కసితో నేనెప్పుడూ గీయలేదు. ఆళ్లగడ్డ శిల్పులకిచ్చి రాతి మీద లోతుగా చెక్కించాలి, ఎన్ని జాజులు పూసినా మూసుకుపోనంత లోతుగా. ముసలాయన బతికుంటే ఆ కాగితాన్ని చింపడానికి చెయ్యి రాదు అనుకున్నాను.

నెల మాసికం వెళ్ళాక వాడి తల్లి మా ఇంటికి వచ్చింది. గడప దగ్గర ఆగింది. తరవాత లోపలికి వచ్చి, మా చాప మీద కూర్చుని, మా అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగింది. సగానికి సగం అయిపోయింది మనిషి.

"వానికి ఆళ్లగడ్డలో రాయి చెప్పినా పాపా. బొమ్మ గీసి పంపమన్నాడు చెక్కేటాయప్ప. నువ్వే గీయాల."

నేను నా కాగితం తెచ్చి ముందు పెట్టాను. ఆమె చూసింది. రాతి మీద జరిపినట్టే వేలు జరిపింది, ఒక్కొక్కడి కొడవలి నుంచి మణికట్టుకు, మోచేతికి, భుజానికి, మొహానికి.

"వాళ్లే," అంది. "అచ్చం వాళ్లే."

తరవాత కాగితాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, మెల్లగా, కొడుకు చుట్టూ చింపింది. ఆ ముగ్గురూ ముక్కలై చాప మీద పడ్డారు. కొడుకు ఉన్న ముక్క ఒళ్ళో పెట్టుకుంది.

నాకు కోపం ఆగలేదు. "వాళ్ళను వదిలేస్తావా?" అని అరిచాను.

"మా మరిదికి కొడుకులుండారు," అంది. "సిన్నోనికి ఇంగా పాలపండ్లు రాల్యా. ఈ మొగాలు రాతి మీద పెడ్తే వాడు పెద్దయినంక వచ్చి చెయ్యి పెడ్తాడు. పెట్టిస్తారు. నేను పెట్టించల్యా? వాణ్ణొక్కణ్ణే గీయి. పక్కన ఎవుర్నీ పెట్టాకు. దీపపు సెమ్మె గూడా వద్దు. దాన్ని గూడా మనిషిని చేసినోళ్లం మేము."

నేను చాప మీది ముక్కలు ఏరి పక్కన పెట్టి, కొత్త కాగితం తీసుకున్నాను. వాడు నిలబడి ఉన్నట్టు గీయడం మొదలుపెట్టాను. చేతులు ఎలా పెట్టమంటావని అడిగాను. వీరుడికి కత్తో ఈటో ఏదో ఒకటి ఉండాలి గదా.

"ఏమీ వద్దు," అంది. "రెండు చేతులూ భుజాల కాణ్నుంచి బాగా తెలిసేట్ల గీయి. అవి వాని చేతులే అని తెలియాల. వట్టి చేతులని తెలియాల."

అలాగే గీశాను. ఆళ్లగడ్డలో శిల్పి ఆ కాగితం చూసి, వట్టి చేతుల మగవాడికి వీరగల్లు ఏందమ్మా అన్నాడు. ఆమె ఆ రాయి పక్కనే నేల మీద కూర్చుని, చెక్కమంది.